ఐదో తరగతి తప్పిన ఆడపిల్లలు

జనాన్ని అడిగి బడులు బాగుచేయాలన్న ఆలోచన మీ కాలంలోనే పుట్టిందని మీరంతా అనుకుంటున్నట్టున్నారు. మొన్న మా వీధిలో ఉండే కుర్ర ఉపాధ్యాయుడొకడు వచ్చి, ఊళ్ళో తల్లిదండ్రులతో మీటింగు పెట్టామనీ, అందరి అభిప్రాయాలూ తీసుకున్నామనీ, ఇక తమ బడికి తిరుగుండదనీ గడగడా చెప్పుకుపోయాడు. వాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకని ఊరుకున్నాను. లేకపోతే నాకు తెలిసిన ఒక ఊరి సంగతి చెప్పి ఉండేవాణ్ణి. అక్కడ మేం అందరినీ అడిగాం, అందరూ చెప్పారు, చెప్పినవన్నీ చేశాం. అయినా ఏం జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా బోధపడలేదు. నాకంటే తెలివైనవాళ్ళు మీలో ఉంటారు, మీకేమైనా బోధపడుతుందేమో చూడండి.

యాభైల నడిమి మాట ఇది. తిరువూరులో జూనియర్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా చేరి నాకు ఏడాది దాటింది. హోదా పేరు పొడుగే గాని ఉద్యోగం చిన్నది. నా కింద ఒక సైకిలు, ఒక గుమాస్తా, ఒక బంట్రోతు ఉండేవాళ్ళు. వీటిలో నా మాట వినేది సైకిలొక్కటే. ఊళ్ళు తిరిగి చిన్నబడులు చూడడం, పిల్లల చేత చదివించడం, లెక్కలు చేయించడం, తిరిగొచ్చి పైకి రాయడం, ఇదే పని.

మా గుమాస్తా నాకంటే చాలా పెద్దవాడు. నాలాంటి ఇన్‌స్పెక్టర్లు ఎందరో వచ్చి వెళ్ళడం చూసినవాడు కాబట్టి నన్ను గౌరవిస్తూనే లోపల జాలిపడేవాడు. ఒకరోజు బందరులోని జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. తాలూకాలో ప్రతి ఊళ్ళోనూ ప్రజలను సమావేశపరచి, వారి బడి బాగుపడాలంటే ఏమి చేయాలో వారి నోటనే తెలుసుకొని నివేదించవలెనని దాని సారాంశం. నాకు ఒళ్ళు పులకరించింది. స్వరాజ్యం వచ్చాక ఇన్నాళ్ళకు జనాన్ని అడగాలన్న బుద్ధి పుట్టింది కదా అన్నాను. గుమాస్తా పొడుం పట్టు పీల్చుకుని, "అడగండి సార్. అడిగినంత మాత్రాన చెబుతారా, చెప్పినంత మాత్రాన మనకు అర్థమవుతుందా" అన్నాడు. ముసలివాడి చాదస్తంలే అనుకున్నాను.

అడగడం మొదలుపెట్టాను. ఎ.కొండూరు వైపు ఒక ఊళ్ళో బడికి ప్రహరీ కావాలన్నారు, గేదెలు లోపలికొచ్చి పిల్లలతో పాటు పడుకుంటున్నాయట. ఇంకో ఊళ్ళో కరణాన్ని మార్చమన్నారు. మరోచోట తమ ఊరికి బస్సు వేయించమన్నారు. బడి సంగతేమిటని నేను గుర్తుచేస్తే, బస్సొస్తే బడి అదే బాగుపడుతుందని ఒక పెద్దాయన తీర్మానించాడు. ఇవన్నీ రాసుకుని, నవ్వుకుని, తిరువూరు చేరుకునేవాణ్ణి. ఇంతవరకూ నాకు ఏ ఇబ్బందీ లేదు.

తికమకంతా గంపలగూడెం అవతల, నెమలి వెళ్ళే దారికి కాస్త పక్కగా ఉన్న ఒక ఊళ్ళో మొదలైంది. ఊరి పేరు చెప్పను. ఐదో తరగతి దాకా ఉన్న బోర్డు బడి, పెంకుటి చావడి, ఒకే ఒక్క టీచరు. ఆవిడ ముప్పై ఐదేళ్ళ మనిషి. భర్త అదే ఊళ్ళో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు, లాగూలు కుట్టేవాడు. ఐదు తరగతులనూ ఆవిడొక్కతే లాక్కొస్తోంది. ఐదు దాటితే చదువుకు గంపలగూడెం పోవాలి. మధ్యలో కట్టలేరు అనే ఏరుంది. మగపిల్లలు పంచెలు పైకెత్తుకుని దాటిపోయేవాళ్ళు. ఆడపిల్లల్ని ఏరు దాటించి చదివించే ఆలోచన ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

మీటింగుకు మగవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు కొందరు పక్కింటి గోడ చాటున నిలబడ్డారు. ముందుగా లేచినవాడు ఒక మోతుబరి రైతు. పొగాకూ మిరపా వేసేవాడు, ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు. బడికి ఏం కావాలండీ అని నేను అడిగాను. ఆయన తడుముకోలేదు.

"ముందు ఈ టీచరమ్మని మార్చండి. మిగతావి తర్వాత చూద్దాం."

ఎందుకని అడిగితే చెప్పాడు. మగపిల్లలు ఏడాదికేడాది పాసై గంపలగూడెం పోతున్నారు. ఆడపిల్లలు మాత్రం ఒక్కరూ ఐదో తరగతి గట్టెక్కడం లేదు. ఆయన కూతురు అదే తరగతిలో మూడేళ్ళుగా కూర్చుంది. ఇంకో ముగ్గురు పిల్లల సంగతీ అంతే. ఆడపిల్లలంటే ఆవిడకు నిర్లక్ష్యమని ఆయన తేల్చేశాడు. మిగతా మగవాళ్ళు తలలూపితే ఆయన ఇంకా అన్నాడు.

"మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం మా ఇంటా వంటా లేదండి. ఐదు పాసయ్యేదాకా చదివిస్తానన్నాను, చదివిస్తున్నాను. పాసైన రోజున మాన్పించి ఇంట్లో పని నేర్పిస్తాను. ఎన్నేళ్ళని చూడమంటారు? మా పిల్ల మొద్దేనండి, కాదనను. మొద్దుకి కూడా చెప్పాలి గదా పంతులన్నాక."

టీచరమ్మ చావడి స్తంభం పక్కన నిలబడి ఉంది. తన మీద ఇంత మాటన్నా ఆవిడ మొహంలో కోపం గాని బాధ గాని కనిపించలేదు. నేలకేసి చూస్తూ ఊరుకుంది. అపరాధం చేసినవాళ్ళు అలా ఉండరే అనుకున్నాను. చేయనివాళ్ళు మాత్రం అలా ఉంటారా అని వెంటనే ఇంకో అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం భోజనం ఆ రైతు గారింట్లోనే. ఆయన చెయ్యి కడుక్కుని, కళ్ళంలో ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళాడు. ఆయన భార్య మజ్జిగ పోయడానికి వచ్చింది. అంతదాకా నోరు విప్పని మనిషి, గుమ్మంకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"మా టీచరమ్మని కదపకండి బాబుగారూ. మా బడికి ఏ లోటూ లేదు."

"మీ అమ్మాయి మూడేళ్ళుగా తప్పుతోందట కదమ్మా?"

"తప్పితే తప్పింది లెండి" అని ఇంకొంచెం మజ్జిగ పోసింది.

బయటికొచ్చి సైకిలెక్కేలోగా మరో ఇద్దరు ఆడవాళ్ళు అదే మాట చెప్పారు. ఆ తప్పిన పిల్లల తల్లులే వాళ్ళూ. టీచరమ్మని మారిస్తే మా పిల్లల్ని బడికే పంపం అని ఒకావిడ బెదిరించినంత పని చేసింది. కూతుళ్ళను ఏటేటా తప్పిస్తున్న మనిషి మీద ఈ తల్లులకు ఇంత ప్రేమేమిటో నాకు అంతుపట్టలేదు. తిరువూరు దాకా తొక్కుతూ ఆలోచించాను. బుర్ర వేడెక్కింది గాని ఏమీ తేలలేదు.

ఉన్నదున్నట్టు రాశాను. పురుషులు టీచరును మార్చాలని కోరుచున్నారు, స్త్రీలు మార్చవద్దని కోరుచున్నారు అని. గుమాస్తా అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక ఊరికి రెండు ప్రజాభిప్రాయాలు ఉండడం తన సర్వీసులో చూడలేదన్నాడు. బందరు వాళ్ళూ చూసినట్టు లేరు. స్పష్టముగా లేదు, మరల విచారించవలెను అన్న రిమార్కుతో కాగితం తిరిగొచ్చింది.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి మీటింగు జోలికి పోకుండా ఆ నలుగురు ఆడపిల్లల్నీ నిలబెట్టి పరీక్ష పెట్టాను. ఐదో తరగతికి మించని భాగహారం ఒకటి చెప్పాను. రైతు గారి కూతురు పలక మీద గబగబా వేసేసింది. నేను వంగి చూసేలోగా అరచేత్తో తుడిచేసి, మళ్ళీ మొదటినుంచి వేసి, తప్పు సమాధానం చూపించింది. మిగతా ముగ్గురూ తప్పే చూపించారు. అందులో ఒక పిల్ల తప్పు వేసి నవ్వు ఆపుకోలేక ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవన్నీ నా కళ్ళముందే జరిగాయి. ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తున్నాను కదా, ఏదైనా తట్టాలి. ఏమీ తట్టలేదు. ఇన్‌స్పెక్టర్ని చూసి బెదిరారు పాపమని రాసుకుని, వాళ్ళను ఇళ్ళకు పొమ్మన్నాను.

ఊరి బయటికొచ్చేసరికి సైకిలు పంచరైంది. తోసుకుంటూ వెనక్కి వచ్చాను. మిట్టమధ్యాహ్నం, మగవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. ఒక ఇంటి అరుగు మీద పదిమంది దాకా ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. మధ్యలో ఒక పిల్ల వారపత్రికలో కథ పైకి చదువుతోంది. చదవడమంటే మామూలుగా కాదు. అత్త మాటలు అత్తలాగా, కోడలి మాటలు కోడలిలాగా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ ఏడిపించాలో అక్కడ ఏడిపిస్తోంది. అంత చక్కగా మా శాఖలో ట్రైనింగయిన మాస్టర్లు కూడా చదవగా నేను వినలేదు. సైకిలు పట్టుకుని నిలబడిపోయాను. పేజీ తిప్పడానికి ఆ పిల్ల తలెత్తింది. మూడేళ్ళుగా ఐదో తరగతి తప్పుతున్న రైతు గారి కూతురే ఆ పిల్ల.

నన్ను చూడగానే పత్రిక దాచేసింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మిరపకాయల మీద పడ్డారు. తిన్నగా బడికి వెళ్ళాను.

టీచరమ్మ చిన్నపిల్లలకు గుణింతాలు చెబుతోంది. ఆ పిల్ల చదవడం విన్నానని చెప్పాను. ఆవిడ పిల్లల్ని ఇంటికి పంపించి, కుర్చీ నాకు వేసి, తను బల్ల అంచున కూర్చుంది. దాచే ప్రయత్నం చేయలేదు.

"ఐదు పాసైతే ఆ పిల్లకి చదువు అయిపోయినట్టేనండి. తప్పితే ఇంకో ఏడాది వస్తుంది. వాళ్ళమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది. మా ఆయన మాటంటే మాటే, పాసయిందంటే ఇక గడప దాటనివ్వడు, తప్పించమ్మా అంది. తప్పించాను. చూసి మిగతావాళ్ళూ వచ్చారు."

మొగుళ్ళెవరికీ తెలియదు. తండ్రి పంతాన్ని తల్లి అలా వాడుకుంది. పాసయ్యేదాకా మాన్పించనన్నాడు కాబట్టి పాసవకుండా చూసుకుంటే సరి. పేరుకు ఐదో తరగతే గాని, ఆ పిల్లలకు ఆవిడ చెబుతున్నది ఏడో తరగతి పాఠాలు. గంపలగూడెం వెళ్ళి చదువుకున్న మగపిల్లల దగ్గర పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుంది. సాయంత్రం పూట చెప్పేది. పరీక్షల్లో తప్పు ఎలా రాయాలో మాత్రం నేర్పలేదట, అది వాళ్ళే నేర్చుకున్నారట.

నాకు నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. కానీ ఆవిడకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. ఈ ఊరికి ఆరో తరగతి కావాలని ఆవిడ ఏటా దరఖాస్తు పెడుతోంది, ఏటా కాదంటున్నారు. ఆరో తరగతి ఇవ్వడానికి మావాళ్ళు ఒకటే చూస్తారు. ఐదు పాసై, చేరడానికి బడి లేక ఊళ్ళోనే ఉండిపోయిన పిల్లలు ఎంతమందీ అని. పాసైన మగపిల్లలు ఏరు దాటి వెళ్ళి చేరిపోతున్నారు కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు. ఇక ఉండిపోవలసింది ఆడపిల్లలు. వాళ్ళు పాసే కావడం లేదు. పైవాళ్ళ దృష్టిలో ఆ ఊళ్ళో ఆరో తరగతి అవసరమైన పిల్ల ఒక్కతీ లేదు.

ఇది చెప్పాను.

"అంటే ఆరో తరగతిని రానివ్వంది నేనేనాండీ?" అని అడిగింది.

కాదమ్మా అన్నాను. నిజానికి అవునో కాదో నాకే తెలియదు. ఆరో తరగతి లేదని ఆవిడ తప్పిస్తోంది, ఆవిడ తప్పిస్తోందని ఆరో తరగతి రావడం లేదు. ఎటునుంచి మొదలుపెట్టినా అక్కడికే వస్తున్నాను.

తిరువూరు వచ్చి గుమాస్తాకు చెప్పాను. ఆయన మొదటిసారి నా ముందు నోరారా నవ్వాడు. తర్వాత గంభీరంగా మొహం పెట్టి, ఇది రాస్తే ఆవిడ ఉద్యోగానికి ముప్పు, రాయకపోతే మగవాళ్ళు అడిగినట్టు బదిలీ, ఏది రాస్తారో రాయండి, ఫెయిర్ కాపీ నేను చేస్తానన్నాడు. నేను ఏదీ రాయలేక జాగు చేస్తుండగానే, ఈ అస్పష్టమైన ఊరేదో స్వయంగా చూస్తానని జిల్లా విద్యాధికారి గారు కబురు చేశారు.

ఆయన జీపులో వచ్చారు. ఎత్తుగా, తెల్లటి ప్యాంటూ చొక్కాలో, ఎవరిమీదా గొంతు పెంచని మనిషి. ఊరంతా బడి చావడి దగ్గర చేరింది. జీపు చూడాలన్న సరదాతో ఆడవాళ్ళు కూడా గోడ చాటు వదిలి ముందుకొచ్చారు. నేను ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. అందరి సంగతీ నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేను. టీచరమ్మ కేసి చూస్తే ఆవిడ రాత్రంతా నిద్రపోనట్టుంది.

రైతు గారు మళ్ళీ అదే పాట పాడాడు. విద్యాధికారి గారు విని, టీచరమ్మను పిలిచి, మగపిల్లలందరూ పాసవుతుంటే ఆడపిల్లలు ఒక్కరూ కాకపోవడానికి కారణమేమిటని మెల్లిగా అడిగారు. ఆవిడ నోరు తెరిచింది. నా వల్లనేనండి అని చెప్పబోతోందని నాకు తెలిసిపోయింది. అంతలో ఆడవాళ్ళలోంచి రైతు గారి భార్య ముందుకు వచ్చింది. ఆ ఊళ్ళో అంతమంది మగవాళ్ళ మధ్యకు ఒక ఇల్లాలు నడిచిరావడం ఎవరూ చూసి ఉండరు. దారి ఇవ్వాలని కూడా తోచక మనుషులు అలాగే కూర్చుండిపోతే, తనే చాపల అంచు పట్టుకుని వచ్చింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. భర్తకేసి చూడలేదు.

"ఆవిణ్ణి అడగకండయ్యా. తప్పించమంది మేము. ఐదు పాసైతే మాన్పిస్తానన్నారు మా ఇంటాయన. ఆయన అన్నారంటే చేస్తారు. అందుకని పిల్లని పాసవనివ్వలేదు. మా పిల్లకి చదువు రాక కాదు."

రైతు గారు అలాగే నిలబడ్డాడు. కేకలేస్తాడని అందరం చూస్తున్నాం. ఆయన భార్యను ఏమీ అనలేదు. పిల్లల వరసలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి, ఎవరూ వినకూడదన్నంత మెల్లిగా అడిగాడు.

"నీకు వచ్చా?"

పిల్ల తల్లికేసి చూసింది. తల్లి తలూపింది. అప్పుడా పిల్ల, వచ్చు నాన్నా అంది.

విద్యాధికారి గారు తన చేతిలో ఉన్న దినపత్రిక ఇచ్చి చదవమన్నారు. చదివింది. మొదటి వాక్యంలో తడబడింది గాని రెండో వాక్యానికి సర్దుకుంది. కూడబలుక్కుంటే తప్ప చదవలేని ఆ తండ్రి, కూతురు నోటినుంచి పెద్ద పెద్ద మాటలు జారిపోతుంటే, ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు ఎదురుగా కనిపించినవాడిలా చూస్తున్నాడు. లెక్కలిచ్చారు. చేసింది. మిగతా ముగ్గురూ చేశారు. పలకలు తుడవాల్సిన అవసరం లేకపోయేసరికి వాళ్ళకు ఎంత వేగమో.

విద్యాధికారి గారు అక్కడికక్కడే నలుగురూ పాసయ్యారని ప్రకటించారు. వచ్చే జూన్‌లో ఈ ఊళ్ళో ఆరో తరగతి మొదలవుతుందన్నారు. మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే, అదే గొంతుతో, టీచరమ్మను మరో బడికి మారుస్తున్నామన్నారు. చప్పట్లు ఆగిపోవాలో కొనసాగాలో తెలియక అక్కడొకటీ ఇక్కడొకటీ మోగి ఆగిపోయాయి. ఆడవాళ్ళెవరూ కదల్లేదు.

జీపు దాకా వెంట వెళ్ళి, ఆవిణ్ణి ఉండనివ్వమని బతిమాలాను. జూనియర్ ఇన్‌స్పెక్టరు అలా మాట్లాడకూడదు, అయినా మాట్లాడాను. ఆయన విసుక్కోలేదు.

"ఆవిడ చేసింది మంచిపనే, నేను కాదనను. రేపు ఇంకెవరో టీచరు తనకు గిట్టనివాడి కొడుకుని తప్పించాడనుకోండి. ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆయన అన్నదాంట్లో తప్పు మాత్రం కనిపించలేదు. కోపం ఉండి కారణం లేకపోవడం ఎంత అవస్థో అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు సర్వీసు చేశాను, పెద్ద ఉద్యోగాలూ చేశాను. అదే ప్రశ్న నన్ను ఎవరైనా అడిగితే నేనూ అదే అనేవాణ్ణేమో.

వారం తిరక్కుండా రైతు గారు తిరువూరు వచ్చాడు. ఆఫీసు మెట్లమీద కూర్చుని, టీచరమ్మ బదిలీ ఆపమన్నాడు. మీరు కోరిందే కదండీ అన్నాను.

"కోరాం. ఇప్పుడు వద్దంటున్నాం. మా అభిప్రాయమే కదా మీకు కావాల్సింది?"

గుమాస్తా కేసి చూశాను. ప్రజాభిప్రాయం మారిందని రాయడానికి మన ఫారంలో చోటు లేదు సార్ అని ఆయన నిజంగానే బాధపడుతూ అన్నాడు. అయినా రాశాను. జవాబు రాలేదు. ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. మగవాళ్ళు టీచర్ని మార్చమన్నారు, మార్చాం. ఆడవాళ్ళు పిల్లలకు చదువు సాగాలన్నారు, ఆరో తరగతి ఇచ్చాం. ఆ తాలూకాలో జనం మాటను అక్షరం పొల్లుపోకుండా అమలు చేసిన ఊరు అదొక్కటే. అక్కడ సంతోషంగా ఉన్న మనిషి ఒక్కడు కూడా నాకు కనిపించలేదు.

ఎ.కొండూరు అవతల కొత్త ఊరికి టీచరమ్మ సామాను రైతు గారి బండిలోనే వెళ్ళింది. ఆయనే తోలాడు. కుట్టుమిషను కుదుపులకు పాడవకుండా కింద వరిగడ్డి పరిపించాడట. సామాను దించాక ఆవిడకు నమస్కారం పెట్టి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడని ఆవిడ భర్త తర్వాత నాతో చెప్పాడు.

జూన్ వచ్చింది. ఆరో తరగతి ప్రారంభానికి నేను వెళ్ళాను. కొత్త మాస్టారు బుద్ధిమంతుడు, కొత్తగా ట్రైనింగై వచ్చాడు, నల్లబల్ల మీద ముగ్గులా రాసేవాడు. తడిక అడ్డంపెట్టి చావడిలో ఒక మూల గదిలా చేశారు. నా గుబులంతా ఆ నలుగురు పిల్లల గురించే. పాసయ్యాక వాళ్ళను ఇళ్ళల్లో కూర్చోబెట్టేశారని నాకు తెలుసు. ఐదు పాసైతే మాన్పిస్తానన్నవాడు మాట మీద నిలబడే మనిషాయె. వాళ్ళు రాకపోతే ఎవరి పేరు చెప్పి ఈ తరగతి వచ్చిందో వాళ్ళే అందులో ఉండరు. గంట కొట్టారు. మగపిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. మాస్టారు హాజరు మొదలుపెట్టమంటారా అని నన్ను అడిగాడు. కాసేపు ఆగమన్నాను. ఎంతసేపు ఆగాలో నాకూ తెలియదు.

రైతు గారు వచ్చాడు. వెనక కూతురు, ఆ వెనక మిగతా ముగ్గురు పిల్లలు. ఊపిరి పీల్చుకున్నాను. పిల్లలు లోపలికి వెళ్ళాక ఆయన నన్ను చావడి చివరికి తీసుకెళ్ళాడు.

"మూడేళ్ళు నా కూతురు మొద్దని ఊరందరితో చెప్పానండి. దాని మొహం మీదే అన్నాను ఎన్నోసార్లు. విని ఊరుకుంది." ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఈ బడిలో ఇక ఎంతదాకా ఉంటుందండి చదువు?"

ఈ ఏడాది ఆరు, ఆపైన ఏడు, ఎనిమిది వస్తాయని చెప్పాను.

"ఆ తర్వాత?"

గంపలగూడెంలోనూ ఎనిమిది దాకానే, ఆ తర్వాత తిరువూరు హైస్కూలేనండి అన్నాను. ఆయన ఏటి వైపు చూశాడు. తిరువూరు ఎంత దూరమో నాకంటే ఆయనకే బాగా తెలుసు. కూతుర్ని అంత దూరం పంపలేడనీ తెలుసు. తడిక సందులోంచి లోపలికి చూశాడు. కొత్త మాస్టారు చేతిలో సుద్దముక్కతో నిలబడి, ఆ పిల్లల పేర్లు అడుగుతున్నాడు.

"ఎనిమిదిలో మా పిల్లని తప్పించాలంటే ఆవిడే ఉండాలండి. ఈయన వల్ల అవుతుందంటారా?"

హాస్యానికి అన్నాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. కాదు. జవాబు కోసం అలాగే నిలబడి ఉన్నాడు.